రేకుల మీది సొర తీగ

మా అమ్మాయి బెంగుళూరులో, హూడిలో ఫ్లాట్ కొనుక్కుంది. ఇల్లు బాగానే ఉంది గానీ బాల్కనీ పడమటి వైపు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే అక్కడ కాలు పెట్టలేము. పక్క గదిలో అమ్మాయి కర్టెన్లు దించుకుని, ఏసీ వేసుకుని, చెవుల్లో అవేవో పెట్టుకుని ఎవరెవరితోనో మాట్లాడుతూ పనిచేస్తుంది. మధ్యమధ్యలో బయటికొచ్చి ఎండను తిట్టిపోతుంది. తీగ ఏదైనా అల్లిస్తే గది చల్లబడుతుందని ఎవరో చెప్పారట. పోయిన ఆదివారం నన్ను నర్సరీకి లాక్కుపోయింది.

నర్సరీ అతను హిందూపురం వైపువాడు. మా మాట చెవిన పడగానే తెలుగులోకి దిగాడు.

"కాగితాల పూలు పెట్టండి మేడమ్. ఎండ ఎంతుంటే అంత పూస్తాది. కాకపోతే మొదటేడు స్లో. రాధామనోహరం అయితే బాగా పాకుతాది, దానికి ఈ కుండీలు చాలవు, పెద్ద డ్రమ్ము కావాల."

"ఏప్రిల్ లోపల మొత్తం కవర్ అయిపోవాలండి. అంత ఫాస్ట్‌గా వచ్చేది ఏదీ లేదా?" అంది అమ్మాయి. దానికి ఏ పనైనా నిన్ననే అయిపోయి ఉండాలి.

"అంత బేగ కావాలంటే సొర పెట్టుకోండి. ఇప్పుడు విత్తు వేస్తే ఎండలు ముదిరేలోగా మీ బాల్కనీనే కనపడదు. కాయలు లాభం."

"వద్దు," అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను కాబోలు, ఇద్దరూ నా వైపు తిరిగి చూశారు.

"ఎందుకమ్మా?" అంది అమ్మాయి. అంతమందిలో ఏం చెప్పను? వాస్తులూ వర్జ్యాలూ నమ్మనని దానితో పదిసార్లు వాదించిన దాన్ని నేనే. అట్లాంటిది సొర విత్తనాల పొట్లం చూస్తే ఈ వయసులో కూడా నాకు భయమేస్తుంది. కాగితాల పూల మొక్క కొనిపించి ఇంటికి తీసుకొచ్చాను. దారి పొడుగునా అమ్మాయి మూతి ముడుచుకునే కూర్చుంది.

నా చిన్నప్పుడు మేము నగర్తపేటలో ఉండేవాళ్ళం. ఎదురుగా మనిషి వస్తే పక్కకు ఒదిగి నిలబడాల్సినంత సందు. కింద ఇత్తడి సామాన్ల కార్ఖానా, దాని పైన యజమాని సరుకు పెట్టుకునే గదులు, ఆ పైన మిద్దె మీద ఒక రేకుల గది. ఆ గది మాది. మా నాయన ఆ కార్ఖానాలోనే బిందెలకు మెరుగు పెట్టేవాడు. నాయన, అమ్మ, నేను, నాయనను కన్న మా అవ్వ, ఇంతే మేము. అవ్వ ఊళ్ళో కరువొస్తే కొడుకు వెంట బెంగుళూరు వచ్చేసింది. ఆమె కళ్ళకు పొరలు కమ్మి మనుషులు మసకగా కనపడేవాళ్ళు. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేది.

పొద్దున లేవగానే కింది నుంచి సుత్తి దెబ్బలు మొదలయ్యేవి. బొగ్గు పొగ, ఇత్తడిని కడిగే చింతపండు పులుపు, ముక్కులో గుచ్చుకునే ఆమ్లం వాసన కలిసి మెట్ల మీదుగా పైకొచ్చేవి. మా అన్నం కూడా ఆ వాసనే వేసేదని మా బడి పిల్లలు నన్ను ఎగతాళి చేసేవాళ్ళు. చలికాలంలో ఆ మిద్దె స్వర్గం. శివరాత్రి దాటిందంటే చాలు, రేకులు కాగడం మొదలుపెట్టేవి. నీళ్ళు చల్లితే చుర్రుమని ఆవిరయ్యేవి. ఆ చప్పుడు కోసం నేను తాగే నీళ్ళు దొంగతనంగా చల్లి, అమ్మ చేత వీపు మీద మోత మోగించుకునేదాన్ని. అవ్వ ఆరబెట్టిన వడియాలు ఒక్క పూటలో గలగలలాడేవి. సగం ఎండినవి తింటే రుచి ఎక్కువ కాబట్టి వాటికి కాపలా నేనే కాసేదాన్ని.

అట్లాంటి ఒక వేసవిలోనే నాకు ఒక తమ్ముడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి పాత చీర ముక్కలో చుట్టి తెచ్చారు. అవ్వ తడిగుడ్డ కట్టి విసిరేది, అమ్మ రాత్రీ పగలూ వాణ్ణి ఒళ్ళోనే పెట్టుకునేది. ఒక మధ్యాహ్నం వాడు పాలు తాగడం మానేశాడు. ఒళ్ళు ముట్టుకుంటే నా చెయ్యి చురుక్కుమంది. సాయంత్రానికి లేడు. ఆ గదిలో పెద్దవాళ్ళే ఉండలేరు, పసిగుడ్డును ఎట్లా పెట్టారని డాక్టరు నాయనను కోప్పడ్డాడట. నాయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పి, గోడకు తిరిగి పడుకున్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి అమ్మకు నెలలు పడ్డాయి. కాన్పు నడి ఎండాకాలంలో వస్తుందన్నారు. పుట్టింటికి పోదామంటే అమ్మకు తల్లి లేదు. వేరే ఇల్లు చూడడం నాయన చేతిలో లేని పని. అమ్మ ఏమీ అనేది కాదు. పనిచేసుకుంటూ చేసుకుంటూ ఉన్నట్టుండి తలెత్తి రేకుల వైపు చూసేది. ఆమె చూస్తే నేనూ చూసేదాన్ని. ఆ రేకులు మమ్మల్ని చూస్తున్నాయని నాకు భయంగా ఉండేది.

నాయన కొబ్బరి మట్టలు కప్పిస్తానంటే యజమాని ఒప్పుకోలేదు. కింద కొలిమి గొట్టంలోంచి నిప్పురవ్వలు పైకి లేస్తాయి, మట్ట అంటుకుంటే సందు మొత్తం తగలబడుతుందన్నాడు. అది నిజమే. పచ్చగా ఉండేది ఏదైనా అల్లించుకోండి, దానికి అడ్డు చెప్పనన్నాడు. అట్లా మా ఇంట్లో తీగల మీద చర్చ మొదలైంది.

ఒక సాయంత్రం అందరూ కూర్చున్నారు. మా మిద్దెకూ పక్క మిద్దెకూ మధ్య మోకాలెత్తు గోడ. దాని మీద కూర్చుని బొరుగులు తింటూ పక్క మిద్దె అక్క కూడా చేరింది. ఆమె కన్నడం తెలుగు కలిపి మాట్లాడేది, మా అందరికంటే ఆమెకే ధైర్యం.

"మల్లె పెడితే?" అన్నాడు నాయన.

"మల్లె రేకులెక్కేసరికి నీ కడుపులో బిడ్డ బడికి పోతాది," అంది అవ్వ, అమ్మ వైపు తిరిగి. "తమలపాకు ఎండకు మాడిపోతాది. చిక్కుడుకు ఇది కాలం కాదు. బచ్చలి తీగ సన్నం, దాని నీడ దానికే చాలదు."

"సుమ్నే, ఊరికే ఎందుకంత ఆలోచన? సొర పెట్టేయండి," అంది అక్క. "ఆకు చేటంత ఉంటాది. ఈ ఎండకు దాని మాదిరి పాకేది ఇంకోటి లేదు."

అవ్వ చేతిలోని బొరుగులు గిన్నెలో వేసేసింది.

"మా ఇంటికి సొర అచ్చిరాదమ్మా," అంది. "మా మామ తమ్ముడు సొరకాయ కోసేదానికి కొట్టమెక్కి, పడి పాయె. మళ్ళా చానా ఏండ్లకు నేనే పెట్టినా, ఏమవుతాదిలే అని. తీగ ఇల్లెక్కినాక నా పెద్ద బిడ్డ జ్వరమొచ్చి పాయె. అప్పుటినుంచి మా ఇండ్లల్లో సొర పెట్టరు. అంగట్లో కొనుక్కోని తింటాం, దానికేం అడ్డం లేదు. ఇంటి మీదికి మాత్రం ఎక్కించుకోము."

అక్క మరి రెట్టించలేదు. ఇట్లాంటి ఆనవాయితీలు ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి ఉండేవి. ఒక ఇంటికి గుమ్మడి, ఇంకో ఇంటికి కాకర. ఎందుకని అడిగేవాళ్ళు కాదు.

బీర పెట్టారు. చిక్కపేటలో బండ్లు లాగే ఎద్దుల పేడ నేను తట్టతో ఏరుకొచ్చి, పాత డ్రమ్ములో మట్టితో కలిపాను. ఆ పని నాకు భలే నచ్చింది. అయిదారు ఆకులు వేసేసరికి బీరకు పాముపొడ తెగులు తగిలి, ఆకుల మీద తెల్లటి చారలొచ్చి ముడుచుకుపోయింది. దొండ తీగ తెచ్చి గుచ్చారు. అది గోడ వరకూ పోయి, పైకి ఎక్కమంటే ఎక్కనని కూర్చుంది. ఈలోగా అమ్మ కడుపు ముందుకొచ్చింది, ఎండలు ముందే వచ్చాయి. రేకుల కింద పెట్టిన కుండలో నీళ్ళు కూడా వెచ్చగా ఉండేవి.

అవ్వ కునుకు తీస్తున్న ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను డ్రమ్ము దగ్గరికి పిలిచింది. ఆమె గుప్పిట్లో పొడుగాటి విత్తనాలున్నాయి. పక్క మిద్దె అక్క ఇచ్చినవి. చూడగానే నాకు తెలిసిపోయింది.

"అమ్మా, అది సొర," అన్నాను.

"గుమ్మడి. అవ్వ అడిగితే గుమ్మడి అని చెప్పు."

"ఎవురన్నా చచ్చిపోతారు మా."

అమ్మ మట్టిలో వేలితో గుంట చేసింది. "పోయినేడు ఏ తీగ ఉండెనని నా బిడ్డ పాయె?" అంది. నాతో అన్నట్టు లేదు. ఒక్కొక్క విత్తనం వేసి మట్టి కప్పింది. ఆమె కన్నీళ్ళు డ్రమ్ములోనే పడుతున్నాయి, తుడుచుకోలేదు.

మొలక వచ్చింది. రెండు ఆకులేసినప్పుడు అవ్వ తడుముకుంటూ వచ్చి దాన్ని ముట్టుకుంది. ఆకును వేళ్ళతో నలిపి, ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమి తీగ పాపా ఇది?"

"గుమ్మడి అవ్వా."

"మంచిది," అంది అవ్వ. డ్రమ్ము అంచు తడిమి, "దీనికి నీళ్ళు నేను పోస్తా. ఇంగెవురూ చెయ్యి పెట్టొద్దండి. మీ అమ్మకు చెప్పు, మీ నాయనకూ చెప్పు," అంది.

అప్పటినుంచి బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు ఆమే దాచిపెట్టి, చెంబుతో మోసుకుంటూ పోయి పోసేది. పోసేటప్పుడు ఏదో గొణిగేది. ఒకసారి జాలిపడి నేను చెంబు అందుకోబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. ముసలావిడకు చాదస్తం అనుకున్నాను.

తీగ నిజంగానే పరుగెత్తింది. పొద్దున చూసిన కొస సాయంత్రానికి ఇంకో చోట ఉండేది. గోడ ఎక్కింది, రేకుల అంచు పట్టుకుంది, ఆ మీద పరుచుకుంది. గదిలో వెలుతురు పచ్చగా మారింది. ఎన్నడూ లేనిది అమ్మ మధ్యాహ్నం పూట కన్ను మూసింది. అది చూసి నాకు సంతోషం వేయాలి కదా, వేయలేదు. తీగ ఎంత ముందుకు పోతే నాకు అంత భయం. ఇల్లెక్కింది కాబట్టి ఇప్పుడు ఎవరో ఒకరు పోవాలి. నాయన కొలిమి దగ్గర పనిచేస్తాడు, నాయనా? కాన్పులో అమ్మా? పుట్టబోయేవాడా? లేక విత్తనం సంగతి తెలిసీ చెప్పని నేనా? బడిలో కూర్చుంటే ఇవే లెక్కలు. సందు మొదట్లోనే నిలబడి చెవులు రిక్కించేదాన్ని. ఏడుపులు వినపడకపోతే, సుత్తి చప్పుడు మామూలుగా ఉంటే, అప్పుడు ఇంటికి పోయేదాన్ని.

తర్వాత పూలు మొదలయ్యాయి. గుమ్మడికి పసుపు పచ్చని పూలు పూస్తాయి. సొర పువ్వు తెల్లన, అదీ పొద్దు వాలే వేళ విచ్చుకుంటుంది. మసక వెలుతురులో రేకుల మీద అవి తెల్లగా మెరుస్తుంటే అవ్వ కళ్ళకు కూడా ఆనేట్టు ఉండేవి. రోజూ బడి నుంచి రాగానే గోడెక్కి, అందిన మొగ్గలన్నీ తుంచి లంగాలో వేసుకుని పక్క సందులో పారేసేదాన్ని. ఒక సాయంత్రం దిగుతుంటే కింద అవ్వ నిలబడి ఉంది.

"మొగ్గలు తుంచేస్తే మంచిదేలే పాపా," అంది నెమ్మదిగా. "బలమంతా ఆకుకు పోతాది."

ఎందుకు తుంచుతున్నావని అడగలేదు.

అమ్మకు నొప్పులు నడి మధ్యాహ్నం వచ్చాయి. నాయన బండి కోసం పరుగెత్తాడు గానీ, ఆ మెట్ల మీద అమ్మ దిగే పరిస్థితి దాటిపోయింది. పక్క మిద్దె అక్క గోడ దూకి వచ్చింది, వెనకే మంత్రసానిని పిలుచుకొచ్చారు. తలుపు వేశారు. బయట తీగ నీడలో అవ్వ, నేను. లోపల అమ్మ అరుస్తోంది. మధ్యలో అరుపు ఆగిపోయి, మంత్రసాని గొంతు మాత్రమే, "అమ్మా, కళ్ళు తెరువమ్మా," అని వినిపించింది.

నేను ఇంక ఓర్చుకోలేకపోయాను. గూట్లో ఉన్న కొడవలి తీసుకుని డ్రమ్ము దగ్గరికి పరుగెత్తాను. అవ్వ ఆ కళ్ళతో ఎట్లా చూసిందో, వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"అవ్వా, అది గుమ్మడి కాదు, సొర. కోసేస్తా, వదులు. అమ్మ చచ్చిపోతాది," అని ఏడ్చాను.

"తెలుసు," అంది అవ్వ. "మొలక నలిపి చూసిననాడే తెలుసు. ఈ నడి ఎండలో ఇప్పుడు కోస్తే నీ తమ్ముడు ఏ నీడకు పుట్టాల?"

"మరి అచ్చిరాదంటివే?"

"అచ్చిరాదు. కానీ తీగ ఎవురి చేతి నీళ్ళు తాగితే వాళ్ళది పాపా. మీ అమ్మ చేతి నీళ్ళు అది ఒక్కనాడూ తాగల్యా. నీవీ తాగల్యా. అది అడిగేదేమన్నా ఉంటే నన్నే అడగాల. రోజూ దానికి అదే చెప్తాండా."

కొడవలి నా చేతిలోంచి తీసి దూరంగా పెట్టింది. చెంబు ముంచి డ్రమ్ములో నీళ్ళు పోసింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని అక్కడే కూర్చున్నాం. ఎంతసేపని చెప్పలేను. లోపల ముందు అమ్మ మూలుగు, తర్వాత సన్నగా బిడ్డ ఏడుపు వినిపించాయి.

ఈ తమ్ముడు బతికాడు. ఆ వేసవంతా ఆ పచ్చని గదిలో పాలు తాగి నిద్రపోయాడు. నిద్రలో నవ్వేవాడు కూడా. తీగకు నీళ్ళు తనే ఎందుకు పోసేదో నేను చెప్పాక అమ్మ పోయి అవ్వ కాళ్ళ మీద పడితే, "లేయ్ లేయ్, బాలింతవు, నడుము పట్టుకుంటాది," అని అవ్వ కసిరింది.

ఆ రేకుల గదిలోనే మేము ఇంకొన్నేళ్ళు ఉన్నాం, ఏటా ఎండలు వచ్చేవి కాబట్టి ఏటా సొర పెట్టేవాళ్ళం. విత్తనమూ అవ్వే, నీళ్ళూ అవ్వే. విత్తనం వేసిన రోజు చెవుల కమ్మలు తీసి అమ్మ చేతిలో పెట్టేది. "నా పెట్టెలో నీలం చీర ఉండాది, అది నాకు కప్పండి. ఈ పొద్దు చెనక్కాయల ఊరిబిండి పచ్చడి నూరు, మళ్ళా తింటానో లేదో," అనేది. వానలు పడి తీగ ఎండిపోగానే, "ఈ ఏటికి వదిల్నాది," అని కమ్మలు తిరిగి అడిగి పెట్టుకునేది. మాకు అది ఒక వేడుక అయిపోయింది. నాయన అయితే, "మా అమ్మ ఏటా మూట కట్టుకుంటాది గానీ ఆ ఊరి బస్సే రావట్లేదు," అని ఆటపట్టించేవాడు. అవ్వ కూడా నవ్వేది. నాకు కూడా క్రమంగా భయం తగ్గి, నేనూ నవ్వడం నేర్చుకున్నాను. పక్క మిద్దె అక్క అందరికీ చెప్పేది, ఆ ముసలమ్మకు గుండె ధైర్యం ఎక్కువని.

తర్వాత నాయనకు ఊరి చివర కొంచెం మంచి ఇల్లు దొరికింది. సామాన్లు దించుతున్న రోజు అవ్వ కొంగు ముడిలోంచి విత్తనాలు తీసి, "వీటిని ఏ డబ్బాలో పెడతారో చూడండి, పోయినాక వెతుక్కోవాల్సి వస్తాది," అంది.

"ఈ ఏడు సొర అక్కర్లేదు మా," అన్నాడు నాయన, మంచానికి తాడు కడుతూ. "అక్కడ రేకులు కాదు, సిమెంటు మిద్దె."

"పిల్లోడికి ఎండ తగల్దా?"

"తగలదు."

"ఇంగ ఎప్పుడూ పెట్టే పని లేదా?"

"లేదు మా."

అవ్వ నిలబడ్డ చోటే కూలబడింది. అంతకుముందు ఆమె ఏడవగా నేను చూడలేదు, మొదటి తమ్ముడు పోయినప్పుడు కూడా. కొంగు నోట్లో కుక్కుకుని, చిన్నపిల్ల మాదిరి వెక్కివెక్కి ఏడ్చింది. నాయన తాడు వదిలేసి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆమె తడుముకుని అతని ముఖం రెండు చేతులతో పట్టుకుంది.

"అయితే ఇంక నేను బతకొచ్చు కదప్పా?" అని అడిగింది.

అమ్మ గదిలోంచి బయటికి రాలేదు. అన్ని వేసవులూ ఆమె రోజూ చావుకు సిద్ధపడి, చెంబెడు నీళ్ళు పోసి వచ్చి, మా మధ్య కూర్చుని అన్నం తినేదని మాకు ఆ రోజు తెలిసింది. అన్ని వేసవులూ మేము నవ్వాం.